గోళీ సీసాలో తాటిబెల్లం

‘చేదుపువ్వు’ సీరియల్, పదకొండో భాగం

జక్రయ్య కుడిచెయ్యి చెక్కదిమ్మ మీద ఉంది. మణికట్టు మీద చలమయ్య గొడ్డలి ఆనించి నిలబడ్డాడు. "బెల్లం వేస్తావా, చెయ్యి వదులుకుంటావా?" అని అడిగాడు. పోయిన వారం అక్కడ ఆపాను.

జక్రయ్య బెల్లం వేశాడు. చెయ్యి దక్కింది. కానీ ఆ బెల్లం ఎంత చెరుపు చేసిందో ఈ వారం చెప్పాలి.

కొత్తగా చదివేవాళ్ళకి నాలుగు ముక్కలు. అది యాభై ఎనిమిది వేసవి. మద్యనిషేధం రోజులు. చీరాల చుట్టుపట్ల దొంగసారా కాచేవాళ్ళందరికీ చలమయ్యే పెద్ద. జక్రయ్య ఒక పొగాకు దొర బంగళాలో పదహారేళ్ళు వంట చేశాడు. ఆ దొరకి బీరు కాచి ఇవ్వటం కూడా ఇతని పనే. దొర ఇంగ్లండు వెళ్ళిపోతూ, బీరులో వేసే ఎండుపువ్వు డబ్బా ఒకటి జక్రయ్యకి వదిలిపోయాడు. మేం దాన్ని చేదుపువ్వు అనేవాళ్ళం. నేను చీరాల బజార్లో గోళీసోడా కొట్టేవాణ్ణి. అతను కాచిన బీరు నా సీసాల్లో పట్టి, ఆరు నెలలు గుట్టుగా నడిపాం. చలమయ్యకి తెలిసింది. ఇకనించి ఆ బీరు తనకే కాయమన్నాడు. జక్రయ్య కాదన్నాడు. అప్పుడు చలమయ్య, మిషన్ బడిలో పంతులుగా చేసే జక్రయ్య బావమరిది సంజీవరావుని ఎత్తుకుపోయి, పొగాకు ఆరబెట్టే తన బ్యారన్‌లో కట్టేశాడు. బీరు కాచి ఇవ్వాలి, అది తను తాగాలి, నచ్చాలి. అప్పుడు వదులుతానన్నాడు.

బీరు కాచాం. బార్లీ గింజలు తడిగోతాల మీద మొలకెత్తించి, సన్నటి సెగ మీద ఆరబెట్టి, తిరగల్లో పలుకులుగా విసిరాం. వేణ్ణీళ్ళలో నానేసి, ఆ తీపినీళ్ళు గంగాళంలో మరగబెట్టాం. చేదుపువ్వు మూడు విడతలుగా వెయ్యాలి. మొదటిది చేదుకి, రెండోది రుచికి, మూడోది చల్లారాక వాసనకి. ఒకటే రకం పువ్వు. "రెండో రకం కలిపితే ఇద్దరు ఒకేసారి మాట్లాడినట్టుంటుందిరా" అనేవాడట దొర. పులియటానికి తాటికల్లు మడ్డి కలిపాం. మూత తీస్తే నిమ్మతొక్క, వేపపూత కలిపి నలిపినట్టు వాసన వచ్చేది.

అంతవరకూ బాగానే ఉంది. సీసాల్లో పట్టేటప్పుడు చలమయ్య వచ్చి కూర్చున్నాడు. దొర నేర్పిన లెక్క ప్రకారం సీసాకి చిటికెడు పంచదార చాలు, నురగ రావటానికి. చలమయ్య తాటిబెల్లం పాకం తెప్పించి, సీసాకి రెండు గరిటెలు పొయ్యమన్నాడు. సారా ఊటలో బెల్లం ఎంత పడితే ఘాటు అంత. అతనికి తెలిసిన విద్య అది. "ఊటకుండకి నోరు తెరిచి ఉంటుంది అయ్యా, గాలి పోతుంది. సీసాకి గోళీ పడ్డాక గాలి ఎటు పోద్ది?" అని జక్రయ్య చెప్పాడు. నీళ్ళబీరు పోసి మోసం చెయ్యాలని చూస్తున్నావన్నాడు చలమయ్య. గొడ్డలి తీసింది అప్పుడే.

అరవై సీసాలు. ఒక్కొక్కటీ నా మిషన్ మీద ఒక్క చుట్టు తిప్పి గోళీ బిగించింది నేనే. ప్రొహిబిషన్ వాళ్ళు వాసన పట్టకుండా వాటిని బ్యారన్‌లో పేర్చి, మీద మిరపగోతాలు కప్పించాడు చలమయ్య. కిటికీ లేని గది. మే నెల. ఆ గది నడుమ గుంజకి సంజీవరావు.

నాలుగో రోజు మిట్టమధ్యాహ్నం నేనూ జక్రయ్యా బ్యారన్‌కి నడిచి వెళ్ళాం. నల్లరేగడి నేల చెయ్యి పట్టేంత పగుళ్ళు బారి ఉంది. చేలగట్టు మీద జక్రయ్య ఆగి ఒక్కటే అడిగాడు.

"సీసా ఎంతవరకు ఓరుస్తుంది యలమందా?"

"చలికాలమైతే చెప్పేవాణ్ణి."

"ఇప్పుడు?"

నేను ఎడమచెయ్యి ఎత్తి చూపించాను. ఆ చేతికి చిటికెనవేలు లేదు. సోడా కొట్టటం మొదలుపెట్టిన మొదటి వేసవిలో ఒక సీసా పేలి దాన్ని తీసుకుపోయింది. అది వట్టి సోడా. ఇందులో బెల్లం ఇంకా పులుస్తూనే ఉంది.

"ముందు వాణ్ణి బయటికి తెద్దాం" అన్నాడు జక్రయ్య. "సీసా మీద ఎవడి చెయ్యీ పడకముందే. ఆ తర్వాత ఏమన్నా కానీ."

"పున్నమ్మకి చెప్పావా?"

"ఇంట్లో ఉండమన్నాను."

"ఉంటుందా?"

జక్రయ్య గట్టు దిగి నడక సాగించాడు. పున్నమ్మ అతని భార్య. సంజీవరావు ఆమెకి ఒక్కడే తమ్ముడు. తల్లి పోయాక చంకనేసుకుని పెంచింది.

బ్యారన్ గోడ నీడన నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు చలమయ్య. గొడ్డలి మంచంకోడుకి ఆనించి ఉంది. అతని మనిషి పానకాలు, అడుగున ఇనప కట్టు ఉన్న పొన్నుకర్ర పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు.

"రండ్రా, దొరలు రండి" అన్నాడు చలమయ్య. "పొద్దుటినించీ నోరు పిడచగట్టి కూర్చున్నా."

"చలమయ్యగారూ, మావాణ్ణి ఒక్కసారి బయటికి తెప్పించండి" అన్నాడు జక్రయ్య. "రెండు గుక్కలు నీళ్ళు తాగిస్తాను."

"నీళ్ళెందుకురా? లోపల అరవై సీసాలుంటేనూ."

పానకాలు నవ్వాడు. నేను ముందుకొచ్చాను.

"లోపల వేడి బాగా పట్టిందండీ. సీసాలు పేల్తాయి. పదకొండేళ్ళనించి సోడా కొడుతున్నా, నా మాట వినండి."

"పేలితే నీ సీసాలేగా."

"పేలితే లోపలున్న మనిషి పోతాడండి."

"అయితే బీరు బాగుండాలని ప్రార్థన చేసుకోండి. ఏం జక్రయ్యా, మీ దేవుడు ఆదివారమొక్కటేనా పనిచేసేది?" అని లేచి, గొడ్డలి భుజాన వేసుకున్నాడు. "పదండి లోపలికి. వాడి ముందే తాగుతా. బాగుంటే వాడి కట్లు నా చేత్తో విప్పుతా. బాగోకపోతే గొడ్డలి ఉంది."

పానకాలు గొళ్ళెం తీసి తలుపు లోపలికి నెట్టాడు.

మిరపఘాటు ముఖాన కొట్టింది. వెలుగులోంచి రావటంతో ముందు ఏమీ కనపడలేదు. తర్వాత గుంజ కనపడింది. గుంజకి సంజీవరావు. పైపెదవి చీలి ఎండిపోయింది. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. చొక్కా వీపుకి నెత్తురుతో అంటుకుపోయింది. కట్టేసి పదహారు రోజులు.

"బావా" అన్నాడు. గొంతు గీరుకుపోయి ఉంది. "బీరు అయిందా?"

"అయిందిరా."

"ఎంత మంది కొట్టినా నాకు అరవటం రాలేదు బావా. పంతులుద్యోగంలో గొంతంతా ముందే అయిపోయింది."

"మాట్లాడకు. ఓపిక దాచుకో."

నేను సీసాల వైపు చూశాను. గోతాలు గుంజకి బారెడు దూరంలో, తలుపు వారగా, నడుమెత్తు పేర్చి ఉన్నాయి. అడుగున ఒక గోతం తడిసి నల్లబడింది. ఆ తడి మీద చీమలు బారులు కట్టాయి. దగ్గరికి పోయి చెవి పెట్టాను. సన్నగా, సుయ్‌మని, సీసా మూతుల్లో గోళీ ఆనే రబ్బరు చుట్ల పక్కనించి గాలి కారుతున్న చప్పుడు. ఒక సీసా కాదు, చాలా. అడుగున అప్పుడే ఒకటి పగిలిపోయి ఉంది.

నేను వెనక్కి తిరిగి జక్రయ్య ముఖంలోకి చూశాను. అతనికి అర్థమైంది.

"చలమయ్యగారూ" అన్నాడు జక్రయ్య, "నేను తడిగుడ్డ చుట్టి ఒక సీసా బయటికి తెస్తాను. బయటే తెరుద్దాం. నేనే తెరుస్తాను."

"బయట ఎవర్ని దాచావురా?"

"ఎవరూ లేరండి."

"ఆ మాట ఇంత తొందరగా చెప్పావంటే ఎవరో ఉన్నారు. పానకాలూ, తియ్‌రా సీసా."

పానకాలు గోతం పక్కకి జరిపి ఒక సీసా లాగాడు. బొటనవేలితో గోళీని కిందికి నొక్కాడు. కదల్లేదు. రెండు వేళ్ళు కలిపి నొక్కాడు. ముఖం ఎర్రబడింది.

"పెళ్ళాం అన్నం పెట్టట్లేదేంట్రా?" అన్నాడు చలమయ్య.

"బిగుసుకుపోయిందయ్యా. ఈ సోడావాడు ఏదో చేశాడు."

"లోపలి గాలి దాన్ని పైకి తంతోంది పానకాలూ" అన్నాను. "వేలితో తెరుచుకోదు. కింద పెట్టు. మెల్లిగా కింద పెట్టి ఇవతలికి రా."

"నీ పెత్తనం ఏంట్రా నా మీద?"

అతను చతికిలబడి సీసాని తొడల మధ్య ఇరికించుకున్నాడు. పొన్నుకర్ర తిరగేసి ఇనప పొన్ను గోళీ మీద పెట్టాడు. జక్రయ్య "వద్దురా" అంటూనే ఉన్నాడు. పానకాలు ఇంకో చేత్తో కర్ర నెత్తిన ఒక్క దెబ్బ వేశాడు.

ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది. గాజు పానకాలు తొడలో దిగింది. కుడి తొడ మోకాలినించి పైదాకా చీరుకుపోయింది. వాడు అరవలేదు ముందు. తొడ వైపు చూసుకున్నాడు, ఇది ఎవరిది అన్నట్టు. తర్వాత అరిచాడు. నెత్తురూ నురగా కలిసి నేల మీద పొంగింది. ఆ నెత్తురు మధ్యలోంచి చేదుపువ్వు వాసన వచ్చింది.

చలమయ్య ముఖం మారిపోయింది. అతనికి అది బెల్లం పని అని తట్టలేదు. మేం ఏదో పెట్టామనుకున్నాడు.

"మందుగుండు పెట్టార్రా నాకు?" అన్నాడు, చాలా నెమ్మదిగా. "ముందు వీడు. తర్వాత మీరిద్దరూ."

గొడ్డలి రెండు చేతులతో పట్టుకుని గుంజ వైపు అడుగేశాడు. జక్రయ్య అడ్డం వెళ్ళాడు. చలమయ్య గొడ్డలి మడమతో అతని పక్కటెముకల మీద పొడిచాడు. ఎముక విరిగిన చప్పుడు విన్నాను. జక్రయ్య మోకాళ్ళ మీద కూలాడు. సంజీవరావు తల గుంజకి ఆనించి, తెరిచున్న ఒక్క కంటితో గొడ్డలి వైపు చూస్తున్నాడు.

మా ఊళ్ళ వైపు కొట్లాటల్లో గోళీసీసాలు విసురుకోవటం నేను చిన్నప్పటినించీ చూశాను. సీసాని నాలుగుసార్లు కుదిపి విసిరితే చాలు. నా కొట్టు సీసాలు ఆ పనికి ఇవ్వనని పదకొండేళ్ళు పట్టుబట్టి కూర్చున్నవాణ్ణి. ఆ రోజు గోతం కింద చెయ్యి పెట్టి ఒకటి లాగాను. కుదపాల్సిన పని కూడా లేకపోయింది. చలమయ్య గొడ్డలి ఎత్తాడు. నేను విసిరాను.

సీసా అతని భుజానికి తగిలి పేలింది. చెవి కింద, దవడ మీద కండ లేచిపోయింది. గొడ్డలి చేతిలోంచి జారిపడింది. అతను గిర్రున తిరిగి గోతాల మీద పడ్డాడు, బరువంతా వేసి.

అక్కణ్ణించి ఏదీ నా చేతుల్లో లేదు.

కింద ఒక సీసా పేలింది. దాని పక్కది పేలింది. తర్వాత ఒకదాని వెనక ఒకటి, పెళ్ళిలో సీమటపాకాయల దండ అంటించినట్టు. గోతాలు చిరిగి మిరపకాయలు, గింజలు, పొడి గదంతా లేచాయి. ఊపిరి పీలిస్తే నిప్పు మింగినట్టుంది. కళ్ళు మూసుకున్నా మంట ఆగలేదు. ఎవరు ఎవరో తెలియలేదు. గాజు గోడలకి తగిలి మా మీద పడుతోంది. నా నుదుట ఏదో గుచ్చుకుంది. పానకాలు "అమ్మా, అమ్మా" అంటున్నాడు. చలమయ్య బూతులు తిడుతూ దగ్గుతున్నాడు.

కింద ఇనుము నేలకి గీరుకున్న చప్పుడు. జక్రయ్య పాకుతూ వెళ్ళి గొడ్డలి అందుకున్నాడు. తన మణికట్టు మీద పెట్టిన గొడ్డలి అదే. తాళ్ళు తెగిన చప్పుడు రెండుసార్లు విన్నాను. తర్వాత గొడ్డలి కింద పడేసిన చప్పుడు.

"యలమందా, వీడి చెయ్యి పట్టుకో" అన్నాడు జక్రయ్య. "నా పక్క విరిగింది, నేను మొయ్యలేను. నేను ముందు పోయి తలుపు దగ్గర కేకేస్తా. గొంతు వెంట రండి."

ఒక చెయ్యి నా చేతిలో పెట్టాడు. చల్లగా, ఎముకలాగా ఉంది. నా భుజం మీది తువ్వాలు చెమటకి తడిసి ఉంటే, దాన్ని తీసుకుని పట్టుకున్నాను, అతని ముఖానికి కడదామని. మూడడుగులు వేశామో లేదో, మా కాళ్ళ దగ్గరే నాలుగైదు సీసాలు ఒక్కసారి పేలాయి. ఇద్దరం చెరోవైపు పడ్డాం. చెయ్యి జారిపోయింది.

"ఇటు, ఇటు" అని తలుపు దగ్గరనించి జక్రయ్య కేక.

నేను నేలంతా తడిమాను. గాజు, మిరపకాయలు, తడి. ఒక చెయ్యి తగిలింది. అది నా చేతిని గట్టిగా పట్టుకుంది. ముఖం మీద తువ్వాలు చుట్టాను, లేపి చంక కింద చెయ్యేసి ఈడ్చాను. ఒక కాలు ఈడుస్తున్నాడు. పదహారు రోజులు కట్టేసిన కాళ్ళు, చచ్చుబడి ఉంటాయనుకున్నాను. జక్రయ్య గొంతు వెంట పడుతూ లేస్తూ వెలుగులోకి వచ్చి పడ్డాం.

వెనక తలుపు దడేలుమని మూతపడింది. గొళ్ళెం పడింది.

"ముగ్గురూ వచ్చారు" అంది ఒక ఆడగొంతు. "ఇక చావనీ వాణ్ణి లోపలే."

పున్నమ్మ. ఇంట్లో ఉండమంటే ఉండలేదు. తమ్ముడి కోసం ముంతతో నీళ్ళు తెచ్చుకుని, మా వెనకాలే చేలకి అడ్డంపడి వచ్చింది. తన మొగుడు రావటం చూసింది, నన్ను చూసింది, ముఖానికి తువ్వాలు చుట్టిన మూడోవాణ్ణి చూసింది. గొళ్ళెం వేసింది.

నేను నేల మీద బోర్లాపడి కళ్ళు తెరవలేక ఏడుస్తున్నాను. జక్రయ్య పక్క పట్టుకుని గోడకి ఆనుకున్నాడు. లోపల ఇంకా అప్పుడొకటి ఇప్పుడొకటి పేలుతూనే ఉన్నాయి.

"తమ్ముడూ, కళ్ళు గట్టిగా మూసుకో" అంది పున్నమ్మ. "నీళ్ళు పోస్తున్నా. నలపకు. నలిపితే ఇంకా మండుద్ది."

తువ్వాలు తీసిన చప్పుడు. నీళ్ళు పోసిన చప్పుడు. నేను రెప్పలు వేళ్ళతో విడదీసుకుని చూశాను.

పున్నమ్మ ఒళ్ళో తల పెట్టుకుని పడుకున్నది పానకాలు.

"నేనమ్మా" అన్నాడు వాడు. "కాలు పోయింది నాకు."

పున్నమ్మ ముంత వదిలేసింది. వాడి తల నేలకి తగిలింది. ఆమె నా వైపు చూసింది. ఒక చెయ్యి జారిపోయింది, ఇంకో చెయ్యి దొరికింది. నెత్తురు ఎవరి చేతి మీదైనా ఒకటేలాగా ఉంటుంది.

ఆమె లేచి గొళ్ళెం లాగింది. తలుపుని లోపలికి నెట్టింది. తలుపు బెత్తెడు కూడా కదల్లేదు. నేనూ పోయి భుజం పెట్టాను. జక్రయ్య విరిగిన పక్కతోనే వచ్చి ఆనుకున్నాడు. తలుపు వారన పేర్చిన గోతాలన్నీ కూలి, లోపలినించి దానికి అడ్డం పడ్డాయి.

లోపల చలమయ్య దగ్గాడు. తెరలు తెరలుగా దగ్గి, ఉమ్మేశాడు. తర్వాత అతని గొంతు వినపడింది. తొందర లేదు అందులో.

"యలమందయ్యా. నాకు కళ్ళు కనపడట్లేదురా. గొడ్డలి ఎక్కడ పడేశాడో జక్రయ్య."

నేల మీద చేతులు తడుముతున్న చప్పుడు. గాజు మీద అరచేతులు. పక్కకి, ఇంకా పక్కకి.

"ఆఁ. దొరికింది."

పున్నమ్మ తలుపు కంతకి నోరు ఆనించింది. పిలవబోయింది. జక్రయ్య ఆమె నోరు మూశాడు. పిలిస్తే సంజీవరావు పలుకుతాడు. పలికితే ఎక్కడున్నాడో తెలుస్తుంది. చీకట్లో, ఇద్దరూ గుడ్డివాళ్ళే. ఒకడి చేతిలో గొడ్డలి ఉంది. రెండోవాడికి ఊపిరి బిగబట్టుకోవటం తప్ప ఏమీ లేదు, అదీ ఆ మిరపఘాటులో.

"పంతులూ" అన్నాడు చలమయ్య. గొడ్డలి మొనతో నేలని తట్టుకుంటూ నడుస్తున్నాడు. "రోజూ పిల్లల్ని పిలుస్తావుగా. ఇవాళ నేను పిలుస్తున్నా. హాజరు పలకరా."

మేం ముగ్గురం తలుపుకి భుజాలు ఆనించి తోస్తున్నాం. గోతం ఒకటి లోపల వేలెడు జరిగింది. అంతే.

"హాజరు పలకరా పంతులూ."

జక్రయ్య చేతి కింద పున్నమ్మ పెదవులు కదులుతున్నాయి. చప్పుడు లేదు. నేను ఆ పెదవుల వంకే చూస్తున్నాను. దగ్గకు నాయనా, దగ్గకు నాయనా అంటోంది.

లోపల ఎవరో దగ్గారు. ఒక్కసారే, చిన్నగా.

అది చలమయ్య దగ్గు కాదు.